చేతికి పూత, కాలికి మాత్ర

మా టౌను పెద్దాసుపత్రిలో దొరకని మందంటూ లేదు. ఇది నేనంటున్న మాట కాదు. గేటు దాటగానే గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాయించారు. నా చేతులు బాగున్న రోజుల్లో ఆ గోడ పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్ళానో, చదివి ఎంత మురిసిపోయానో! ఒంటి మీదికి వస్తేగానీ గోడల మీద రాతలకి అర్థం తెలియదు.

నా పేరు వీరవేణి. పూతరేకులు తీస్తాను. పెళ్ళిలో మీరు నోట్లో వేసుకోగానే కరిగిపోయింది చూశారా, ఆ రేకు వెనకాల నాలాంటి ఆడది ఒకతె బోర్లించిన కుండ ముందు కూర్చుని ఉంటుంది. కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచడం, కాలే కుండ మీద లాగడం, రేకు ఊడదీయడం, మళ్ళీ ముంచడం. పొద్దస్తమానం తడీ సెగా, సెగా తడీ. కొన్నేళ్ళు ఓర్చుకున్న నా చేతులు పోయిన కార్తీకంలో ఎదురు తిరిగాయి. వేళ్ళ సందుల్లో ఎర్రబడింది, దురద పుట్టింది, గోకితే పగిలింది, పగిలితే రసి కారింది.

మా యజమానురాలు నరసాయమ్మగారు చెడ్డమనిషి కాదు. కానీ మిఠాయి వ్యాపారం ఆవిడది.

"ఏంటే వేణీ ఆ చేతులు! కొనుక్కునేవోళ్ళు చూస్తే ఇంకేమన్నా ఉందా? ఆసుపత్రికెళ్ళి బాగుచేయించుకురా. మాఘమాసం పెళ్ళిళ్ళ ఆర్డర్లు మొదలయ్యేలోగా వస్తే నీ కుండ నీదే. ఆ తర్వాత ఇంకో మనిషిని కూర్చోబెట్టేస్తాను. మళ్ళీ నన్ను ఆడిపోసుకోకు, ముందే చెప్తున్నా."

కుండ పోతే నాకు ఇంకో పనిలేదు. రేకుల్లో బెల్లం పెట్టి మడతలు వేద్దామన్నా చేతులతోనే కదా వేసేది. కాళ్ళతో చేసే పని మా పేటలో ఏదీ లేదు.

పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరు హైమావతిగారు నా చేతులు అటూ ఇటూ తిప్పి చూశారు. విసుక్కోలేదు, ముక్కు మూసుకోలేదు. ఆవిడ మీద నాకు అప్పుడే గురి కుదిరింది.

"ఇది అంటుకునే జబ్బు కాదమ్మా, భయపడకు. ఈ పూతమందు రాస్తున్నాను. పల్చగా రాయాలి, నేను చెప్పినన్నాళ్ళే రాయాలి. ఎక్కువ రాస్తే తొందరగా తగ్గిపోతుందనుకోకు, చర్మం పాడవుతుంది. ఎవరో చెప్పారని షాపుల్లో అమ్మే కలగాపులగం క్రీములు పూసుకుని నా దగ్గరికొచ్చావో, ఊరుకోను."

టౌన్లో ఏ మందుల షాపులో అడిగినా ఆ క్రీము రావడం మానేసిందన్నారు. తయారైన సరుకంతా సర్కారువారే పట్టుకుపోతున్నారట. ఇంకేం, మనది సర్కారు ఆసుపత్రే కదా అని మళ్ళీ వచ్చి మందుల కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ జోగారావుగారని చాలాకాలంగా మందులిచ్చే ఆయన ఉన్నారు.

"ఈ మందు ఉందాండీ?"

"ఉండబోతుందమ్మా."

"అంటే ఇప్పుడు లేదాండీ?"

ఆయన చటుక్కున నోటికి వేలు అడ్డం పెట్టుకున్నారు. "ష్! ఆ మాట ఇక్కడ అనకూడదు. ఆరోగ్యశాఖ కమిషనర్‌గారి ఆర్డరు. ఏ రోగితోనూ మందు ఫలానా అని... అదే, నువ్వన్నావే, ఆ మాట చెప్పకూడదు. రాయకూడదు. అడిగింది ఉండకపోతే దానికి ప్రత్యామ్నాయం చేతిలో పెట్టి పంపాలి. వట్టి చేతుల్తో పంపించానంటే నాకు మెమో వస్తుంది. ఇదిగో, ఇది తీసుకో."

చూద్దును కదా, కంట్లో వేసే ఆయింటుమెంటు.

"నా జబ్బు చేతులకండీ!"

"మరి కళ్ళు నులుముకునేది దేంతో? పక్కకి జరుగమ్మా, వెనకాల జనం ఉన్నారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ట్యూబు పట్టుకెళ్ళి హైమావతిగారి బల్ల మీద పెట్టాను. ఆవిడకి నాకంటే ఎక్కువ కోపం వచ్చింది. వేరే క్రీము పేరు రాయబోయి, కలం మధ్యలో ఆపేశారు.

"రాయడానికి ఈ జబ్బుకి ఇంకో రెండు మూడు మందులున్నాయి వేణీ. కానీ ఒకదాని బదులు ఇంకోటి రాసే హక్కు మా డాక్టర్ల దగ్గర్నుంచి తీసేశారు. దానికి పైమేడ మీద ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. చక్రపాణిగారని, ఆయన్ని కలువు."

చక్రపాణిగారు అంతకుముందు ఆసుపత్రి దుప్పట్ల ఉతుకుళ్ళు చూసేవారట. ఆ పనిలో ఒక్క దుప్పటీ తప్పిపోనివ్వలేదని మెచ్చుకుని, ప్రత్యామ్నాయ ఔషధ నిర్ణయాధికారిని చేశారు. నా చీటీ వెలుతురుకి ఎత్తి చూసి, గొంతు సవరించుకున్నారు.

"సదరు ఔషధము గొట్టము రూపమున ఉండును. తెలుపు వర్ణము. పూయదగినది. కావున గొట్టము రూపమున ఉండి, తెల్లగా ఉండి, పూయదగిన నేత్రలేపనము తమకు ప్రత్యామ్నాయముగా నిర్ణయించడమైనది. ఇందులో తమ అభ్యంతరం ఏమిటి?"

"తగ్గదు కదండీ!"

"తగ్గుట అనునది వైద్యుల పరిధిలోని అంశము. నా పరిధి పోలిక."

పైవారం వెళ్ళేసరికి గొట్టాలన్నీ అయిపోయాయి. అయినా వట్టిచేతులతో పంపకూడదు కదా. తెలుపు, పూయదగినది అనే రెండు లక్షణాలు మిగిలాయి. ఎముకలు విరిగినవాళ్ళకి కట్టు కట్టే తెల్ల సున్నం పొట్లం ఇచ్చారు. నాతోపాటు వరసలో ఉన్న మేస్త్రీ ఒకాయన, సిమెంటుతో చేతులు పుండ్లుపడి వచ్చినవాడు, ఆ పొట్లం చూసి, "పొద్దున్నించీ ఇదే పూసొచ్చానండీ గోడలకి" అన్నాడు. దాన్ని కూడా జోగారావుగారు మెచ్చుకోలు కింద రాసుకున్నారు.

ఆ పైవారం సున్నమూ అయిపోయింది. ఈసారి మందు చేతికివ్వకుండా మాటలు చెవికిచ్చారు. చర్మం రోగులందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి "గోకుడు నిగ్రహ శిబిరం" నడిపారు. తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన వచ్చి, దురద అనేది మనసులో పుడుతుందనీ, దురద పుట్టినప్పుడు చల్లటి సముద్రాన్ని తలుచుకోమనీ చెప్పాడు. హాల్లో దోమలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన మోచెయ్యి గోక్కున్నాడు, తర్వాత మెడ, తర్వాత వంగి పిక్క. సముద్రాన్ని ఎప్పుడు తలుచుకుంటాడా అని మేమందరం ఎదురుచూశాం. చివరికి చప్పట్లు కొట్టమన్నారు. నా చేతులతో చప్పట్లు కొడితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

పుష్యమాసం వచ్చేసింది. పప్పు కడిగితే మంట, ఉప్పు తాకితే చావు. అన్నం కలుపుకోలేక చెంచాతో తింటుంటే మా ఆయన "దొరసానివైపోయావే" అని వేళాకోళమాడాడు, తర్వాత నా మొహం చూసి తనే అన్నం కలిపి పెట్టాడు. నరసాయమ్మగారు రెండుసార్లు కబురంపారు. ఇక లాభం లేదని మళ్ళీ పైమేడ ఎక్కాను.

చక్రపాణిగారి మొహం వెలిగిపోతోంది.

"రండి, రండి. తమ సమస్యకు మూలమున పరిష్కారం కనుగొన్నాము. మందు కరువైనప్పుడు మందుకు ప్రత్యామ్నాయము వెదకుట పాత పద్ధతి. జబ్బుకు ప్రత్యామ్నాయము వెదకుట నూతన విధానము."

"అర్థం కాలేదండీ."

"మన వద్ద బోదకాలు మాత్రలు సమృద్ధిగా నిల్వ ఉన్నవి. కావున తమకు చర్మవ్యాధి స్థానమున బోదకాలు వ్యాధిని కేటాయించుచూ ఉత్తర్వులిచ్చాము. ఇక మందుకు కొరతే ఉండదు!"

నేను చీర కుచ్చెళ్ళు జానెడు పైకెత్తి పాదాలు చూపించాను. "నా కాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి కదండీ!"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, వంగి, నా కాళ్ళకేసి తదేకంగా చూశారు. లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టారు.

"వాపు కానరాదు! చికిత్స ఆరంభించిన రోజునే సంపూర్ణ స్వస్థత! అభినందనలు."

నా చీటీ మీద "నయమైనది" అని ముద్ర కొట్టి, పొట్లం నిండా బోదకాలు మాత్రలు కట్టించి చేతిలో పెట్టారు. నేను కిందికి దిగుతుంటే మేస్త్రీ పైకి ఎక్కుతున్నాడు. కాసేపటికి ఆయనా నయమై దిగాడు. ఆరోజు మధ్యాహ్నం అన్నాల వేళకి జిల్లాలో చర్మవ్యాధి అన్నదే లేకుండా పోయింది. మాత్రలు నేను మింగలేదు, వంటింట్లో డబ్బాలో పడేశాను. నాకు చేతులు పాడయ్యాయిగానీ బుర్ర పాడవలేదు.

ముద్ర కొట్టిన చీటీ నరసాయమ్మగారికి చూపించాను. ఆవిడ చీటీ చూశారు, నా చేతులు చూశారు.

"ఈ కాయితాన్ని తీసుకెళ్ళి కుండ ముందు కూర్చోబెట్టవే. రేకు లాగిందంటే జీతం దానికే ఇస్తాను."

వారం తిరక్కుండానే మా ఇంటి ముందు ఆసుపత్రి జీపు ఆగింది. చక్రపాణిగారు స్వయంగా దిగారు. ఒక్క మందుకీ కొరత లేని ఆసుపత్రిగా మాది ఎంపికైందట. షీల్డు ఇవ్వడానికి కమిషనర్‌గారు వస్తున్నారట.

"తమరు ఆదర్శ స్వస్థురాలిగా ఎంపికైనారు. నయమైన తమ స్వహస్తములతో పూతరేకులు తయారుచేసి వేదికపై కమిషనర్‌గారికి అందజేయవలెను."

"ఈ చేతులతోనా అండీ?" అని రెండు అరచేతులూ ఆయన మొహం ముందు పెట్టాను.

ఆయన అడుగు వెనక్కి వేసి, ఆకాశంకేసి చూస్తూ, "రికార్డుల ప్రకారం అవి బాగున్నవి" అన్నారు.

నాకు కోపం వచ్చిందంటే నాకే భయం. సరే తీస్తానన్నాను. సర్కారు ఆర్డరు కాబట్టి నరసాయమ్మగారూ ఆ ఒక్కపూటకీ కుండ ఇచ్చారు. మంట వేశాను. పిండినీళ్ళలో చెయ్యి పెట్టగానే కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారిపోయాయి. పళ్ళు బిగించి రేకులు తీశాను. అన్నాళ్ళ తర్వాత కూడా ఒక్క రేకూ చిరగలేదు. ఏడుపూ ఆపుకోలేదు, సంతోషమూ దాచుకోలేదు.

వేదిక మీద డాక్టర్లు వరసగా కూర్చున్నారు. మధ్యలో కమిషనర్‌గారు, పక్కన చక్రపాణిగారు. కింద ముందువరసలో నరసాయమ్మగారు పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. మైకులో నా పేరు పిలిచారు. పెట్టె మూత తీసి, పూతరేకు ఒకటి అందుకుని కమిషనర్‌గారి ముందు చాపాను. ఆయన చెయ్యి చాపబోయి, నా వేళ్ళు చూసి, చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

"నాకు షుగరమ్మా. వారికివ్వండి."

పక్కాయనకి ఆరోజు ఉపవాసమట. ఆ పక్కాయనకి పంటినొప్పి. ఇంకొకాయన నెయ్యి పడదన్నారు. గుండె డాక్టరుగారైతే నేను దగ్గరికి రాకముందే ఫోను చెవికి పెట్టుకున్నారు. నయమైందని ముద్ర కొట్టిన చక్రపాణిగారు మాత్రం, "నేను మిఠాయి ముట్టను. ప్రత్యామ్నాయముగా ఒక అరటిపండు..." అన్నారు.

ఊరంతా చూస్తోంది. నా తల కొట్టేసినట్టయింది. ముందువరసలో నరసాయమ్మగారి మొహం చూశాను. డాక్టర్లే తిననిది జనం ఎలా తింటారని ఆవిడ లెక్క వేసుకుంటున్నట్టే ఉంది. నా కుండ నా కళ్ళ ముందే పోతోంది.

"ఆవిడ చేతులకేమైంది?" అని కమిషనర్‌గారు మెల్లగా అడిగారు.

"ఆవిడకు నయమైనది సార్. చేతులకు ఆ సమాచారం అందవలసి ఉన్నది," అన్నారు చక్రపాణిగారు.

ఇక నావల్ల కాలేదు. మైకు నా పక్కనే ఉంది. "మందు లేదండీ!" అన్నాను. "కార్తీకం నుంచి తిరుగుతున్నాను. కంట్లో వేసేది ఇచ్చారు, సున్నం ఇచ్చారు, సముద్రాన్ని తలుచుకోమన్నారు. నా మందు మాత్రం లేదండీ. లేదు, లేదు, లేదు!"

ఎవరో కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయారు. కమిషనర్‌గారు మాత్రం ఆశ్చర్యపోయారు.

"ఆ క్రీమా? జిల్లా గోదాంలో పెట్టెలు పెట్టెలు పడున్నాయే! మీ ఆసుపత్రి నుంచి లేదని ఒక్క ముక్క రాస్తే ఆరోజే పంపేవాళ్ళంగా?"

"ఆ ముక్క రాయరాదని తమరి ఆర్డరే కదా సార్," అన్నారు చక్రపాణిగారు, ఎంతో వినయంగా.

కమిషనర్‌గారు షీల్డుకేసి చూశారు, పేపరువాళ్ళకేసి చూశారు. "రేపే పంపిస్తాను" అని మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే చివరి కుర్చీలోంచి హైమావతిగారు లేచివచ్చి, నా చేతిలోని పూతరేకు తీసుకుని అక్కడే నిలబడి తిన్నారు. పెట్టెలోంచి ఇంకొకటి తీసుకున్నారు.

"ఇది అంటుకునేది కాదని ఇక్కడున్న ప్రతి డాక్టరుకీ తెలుసు," అన్నారు. మైకు అప్పటికే ఆపేశారు. అయినా ముందువరసకి వినపడింది. ఇంటికి వెళ్తూ నరసాయమ్మగారు నా భుజమ్మీద చెయ్యి వేసి, "మాఘం దాకా అన్నాను కదా, మాట తప్పను. ఆలోగా తగ్గించుకో" అన్నారు.

మందు నిజంగానే వచ్చింది. జోగారావుగారు కిటికీలోంచే కేకేశారు. "వేణమ్మా, ఉందమ్మా! ఇప్పుడు నిజంగా ఉంది!" వెనకాల అద్దాల బీరువాలో ట్యూబులు బారులు తీరి కనిపించాయి. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. చీటీ చాపాను. ఆయన చీటీ మీది ముద్ర చూసి వెనక్కి తోశారు.

"నీకు నయమైపోయిందిగా తల్లీ. నయమైనవాళ్ళకి మందిస్తే నా ఉద్యోగం పోతుంది."

పరుగున పైమేడ ఎక్కాను. చక్రపాణిగారు తల పంకించారు.

"జిల్లాలోని చర్మరోగులందరూ స్వస్థులైనట్లు చూపి షీల్డు కూడా తీసుకున్నాము. ఇప్పుడు తమకు జబ్బున్నదంటే ఆ షీల్డు అబద్ధమగును. ప్రస్తుతం మందు సమృద్ధి, రోగుల కొరత. ఈ మందుకు ప్రత్యామ్నాయ రోగులను గుర్తించుచున్నాము."

"వాళ్ళెవరండీ?"

"బోదకాలువారు. వారి మాత్రలు తమవంటివారికి పంచగా అయిపోయినవి."

కిందికి వచ్చి గేటు బయట టీ కొట్టు బల్లమీద కూలబడ్డాను. మాఘం ఇంకెన్నాళ్ళో లేదు. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. పక్కన సత్తిరాజు అని ఒక పెద్దాయన, ఒక కాలు స్తంభంలా వాచి, చేతిలో ట్యూబు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. నా క్రీము!

"ఏంటమ్మాయ్ ఇది? మాత్రలియ్యండ్రా అంటే ఈ ముద్దిచ్చి కాలికి రాసుకోమన్నారు. ఈ కాలంతా రాయాలంటే బిందెడు కావాలి."

"బాబాయ్, కదలకు. ఇక్కడే కూర్చో. ఎవరికీ ఇవ్వకు!" అని ఇంటికి పరిగెత్తి డబ్బాలో పడేసిన మాత్రలు పట్టుకొచ్చాను. ఇద్దరం ఇచ్చిపుచ్చుకోబోతుంటే హైమావతిగారు ఇంటికి వెళ్తూ మమ్మల్ని చూసి ఆగారు. తిడతారనుకున్నాను. ఆవిడ సంచి బల్లమీద పెట్టి, సత్తిరాజు బాబాయి పాత చీటీ అడిగి తీసుకుని, మాత్రల మీద పేరూ గడువూ చూసి, ఎన్ని మింగాలో ఆయనచేత రెండుసార్లు చెప్పించుకుని, అప్పుడు ఆ ట్యూబు నా చేతిలో పెట్టారు.

"పల్చగా. గుర్తుంది కదా?"

మర్నాడు మేస్త్రీ తన మాత్రలు తెచ్చుకున్నాడు. ఆ మర్నాడు బల్ల చాలలేదు. ఆవిడ సాయంత్రం ఆసుపత్రి అయ్యాక వచ్చి కూర్చునేవారు, ఎవరి మందు వాళ్ళకి చేర్చి లేచేవారు. టీ కొట్టువాడు ఆవిడ దగ్గర టీకి ఏమీ తీసుకునేవాడు కాదు.

నా చేతులకి ఎరుపు తగ్గింది, తర్వాత పగుళ్ళు పూడాయి. హైమావతిగారు ఇక రాయొద్దు, పనిలో చెయ్యి ఎప్పటికప్పుడు పొడిగా తుడుచుకోమన్నారు. మాఘం ముహూర్తాలకి ముందే కుండ ముందు కూర్చున్నాను. మొదటి రేకు తీసి ఎండకి పట్టి చూస్తే అవతల నరసాయమ్మగారి ముక్కుపుడక కనిపించింది. ఆవిడ ఆర్డర్ల చిట్టా నా పక్కన పడేశారు. అంత సంతోషం నాకు నా పెళ్ళిరోజున కూడా కలగలేదు, మా ఆయన వింటే విననీ.

మొదటి ఆర్డరు తీరిన మర్నాడు మంచి రేకులు ఏరి, నెయ్యి దండిగా పోయించి, పెట్టె కట్టుకుని హైమావతిగారి గదికి వెళ్ళాను. బయట బల్లమీద మునుపటంత జనమూ ఉన్నారు. గుమ్మం మీద పేరు మారిపోయింది. లోపల ఆవిడ కుర్చీలో ఎవరో కుర్రడాక్టరు.

జోగారావుగారు నన్ను పక్కకి పిలిచారు. "ఆసుపత్రి బయట మందులు ఇప్పించారని ఆవిణ్ణి కొండల మీది ఏజెన్సీకి బదిలీ చేసేశారమ్మా. వేరే చర్మం డాక్టరుగారు ఉండబోతున్నారు. అందాకా ప్రత్యామ్నాయం చూశారు."

"ఈయన దేని డాక్టరండీ?"

"పళ్ళకి."

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆవిడకి వెళ్ళేముందు ఒక్క మాట చెప్పడానికైనా లేకపోయింది. పెట్టె గుండెకి అదుముకుని అక్కడే నిలబడ్డాను. నా ముందునుంచి ఒకావిడ చంటిపిల్లని భుజాన వేసుకుని లోపలికి వెళ్ళింది. పిల్ల బుగ్గలు రెండూ ఎర్రగా పొక్కి, రసి కారుతున్నాయి. కుర్రడాక్టరు పిల్లకేసి చూశాడు, చీటీకేసి చూశాడు, నుదురు తుడుచుకున్నాడు.

"నోరు తెరవమనండి," అన్నాడు.

చెప్పక్కర్లేదు. పిల్ల అప్పటికే నోరు తెరిచి గుక్కపెట్టి ఏడుస్తోంది.